గగన గణితవేత్త లాప్లాసు

ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి తల యెత్తి చూచినచో నక్షత్రములు లెక్కకు మిక్కిలిగా కనబడును. వాని నడుమ కొన్ని మాత్రము మిణుకుమిణుకు మనక, నిలుకడగా వెలుగుచు, దినదినమునకు కొంచెము కొంచెముగా తమ చోటు మార్చుకొనుచుండును. అవియే గ్రహములు. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని యను పేర్లతో మన పూర్వులు వానిని గుర్తించి, వాని గతులను గణించి, పంచాంగములను వ్రాసిరి. అవి యే నియమమున తిరుగుచున్నవో పదునేడవ శతాబ్దమున కెప్లరు, న్యూటను మహాశయులు నిరూపించిరి. కాని ఆ గ్రహము లెట్లు పుట్టినవి? అన్నియు ఒకే దిక్కునకు, ఇంచుమించుగా ఒకే తలమునందు ఏల తిరుగుచున్నవి? ఈ ప్రశ్నలకు ప్రకృతి నియమములనుండియే సమాధానమును వెదకిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు లాప్లాసు. ఆతడు చెప్పిన దానిలో కొంత నేటికిని నిలిచియున్నది. కొంత తలక్రిందైనది. నిలిచినదియు, తలక్రిందైనదియు గూడ శాస్త్రమునకు మేలే చేసినవి.

ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగమున నార్మండీ యను ప్రాంతము కలదు. ఆపిలు తోటలకు అది పెట్టినది పేరు. అందు బోమాన్ అను చిన్న గ్రామమున 1749వ సంవత్సరము మార్చి 23వ తేదీన పియెర్ సిమోన్ లాప్లాసు జన్మించెను. తండ్రి కొలదిపాటి భూవసతి గలవాడు. ఆపిలు పండ్ల రసముతో చేయు పానీయమును అమ్ముచు కుటుంబమును పోషించుచుండెను. తల్లి కలిగిన రైతు కుటుంబమున పుట్టినది. ఆ యింట పండితులు గాని, గ్రంథభాండారములు గాని లేవు. గ్రామమున క్రైస్తవ సన్యాసులు నడుపు పాఠశాల యొకటి యుండుటచే బాలుడు ఏడవ యేటనుండి పదునారవ యేటి వరకు అందు చదువుకొనెను. ఆ పాఠశాలలో చదివినవారు సాధారణముగా మతాచార్యులుగనో, సైనికోద్యోగులుగనో స్థిరపడుచుండిరి. తన కుమారుడు మతాచార్యుడు కావలెనని తండ్రి కోరెను.

ఆ కోరికను అనుసరించియే లాప్లాసు పదునారేండ్ల ప్రాయమున కాన్ నగరమందలి విశ్వవిద్యాలయమున వేదాంతవిద్యను అభ్యసించుటకై ప్రవేశించెను. అచ్చట గాబ్లె, లెకాన్యూ అను ఇద్దరు గణితోపాధ్యాయులు ఆతనికి తటస్థపడిరి. వారి బోధనచే ఆ యువకుని మనస్సు గణితము వైపు మరలెను. ఇంతవరకు తనయందు దాగియున్న శక్తిని ఆతడు అప్పుడు గుర్తించెను. ఇక మతాచార్యత్వము మాట యెత్తక, పట్టమైన పుచ్చుకొనక, ఇరువదేండ్లు నిండకమునుపే, గురువు వ్రాసియిచ్చిన పరిచయలేఖ నొకదానిని చేతబట్టుకొని పారిసు మహానగరమునకు బయలుదేరెను.

ఆ లేఖ డాలంబేరు అను గణితవేత్తకు వ్రాయబడినది. ఆకాలమున ఐరోపాఖండము నందంతట ఆయన కీర్తి వ్యాపించి యుండెను. పెద్దల సిఫారసులు తెచ్చు యువకులను ఆయన పలువురను చూచియుండుటచే ఈ పల్లెటూరి వానిని మొదట లక్ష్యపెట్టలేదని చెప్పుదురు. లాప్లాసు నిరాశ చెందక బసకు మరలి వచ్చి, యంత్రశాస్త్ర మూలసూత్రములను గూర్చి తాను తలచిన దంతయు ఒక లేఖగా వ్రాసి పంపెనట. దానిని చదివిన డాలంబేరు ఆతని ప్రజ్ఞకు ఆశ్చర్యపడి, వెంటనే పిలిపించి, ఇట్టివానికి ఇతరుల సిఫారసుతో పని లేదని గ్రహించెను. కొలది దినములలోనే పారిసు సైనిక పాఠశాలలో గణితోపాధ్యాయ పదవి లాప్లాసునకు లభించెను. అన్నవస్త్రములకు లోటు లేకుండ జరుగుచు, పరిశోధనకు తగినంత తీరిక చిక్కెను. ఆతడు కోరినది అదియే.

ఆనాడు ఫ్రాన్సు దేశపు విజ్ఞానపరిషత్తులో సభ్యత్వము పండితులకు పరమావధి. లాప్లాసు ఆ పరిషత్తునకు వ్యాసము వెంట వ్యాసము పంపుచుండెను. మూడేండ్లయిన గడవకమునుపే పదుమూడు వ్యాసములు సమర్పించెను. ఇంత చిన్న వయస్సున, ఇంత స్వల్పకాలమున, ఇన్ని కఠిన విషయములపై వ్రాసినవాడు మరియొకడు లేడని పరిషత్తువారు తలచిరి. అయినను మొదట రెండు పర్యాయములు ఆతనిని కాదని ఇతరులను ఎన్నుకొనిరి. తుదకు 1773వ సంవత్సరము మార్చి 31వ తేదీన, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, లాప్లాసు పరిషత్సభ్యు డయ్యెను.

ఆకాలమున ఖగోళవేత్తలను కలవరపరచుచుండిన సమస్య యొకటి కలదు. ప్రాచీనులు వ్రాసి యుంచిన గ్రహస్థానములను నూతన గణనలతో సరిపోల్చి చూడగా, గురుగ్రహము క్రమక్రమముగా వేగమును పెంచుకొనుచున్నట్లును, శనిగ్రహము క్రమక్రమముగా మందగించుచున్నట్లును కనబడెను. ఈ సంగతిని ఆంగ్లేయుడగు హేలీ ఎత్తిచూపెను. ఇది యిట్లే సాగినచో గురుడు సూర్యునకు నానాటికి చేరువై తుదకు అందు పడిపోవలెను. శని సూర్యునకు దూరమై అంతులేని చీకటిలో కలిసిపోవలెను. అనగా సౌరకుటుంబమే చెదరిపోవునా యను భయము కలిగెను. ఆయిలరు, లగ్రాంజి వంటి మహామేధావులు ప్రయత్నించియు దీని మర్మమును పూర్తిగా విప్పలేకపోయిరి.

లాప్లాసు 1785లో దానిని విప్పెను. గురుడు సూర్యుని ఒక్కమారు చుట్టివచ్చుటకు సుమారు 12 సంవత్సరములును, శనికి సుమారు 29½ సంవత్సరములును పట్టును. ఇంకను సూక్ష్మముగా లెక్కించినచో గురుడు ఐదు ప్రదక్షిణములు చేయునంతలో శని ఇంచుమించుగా రెండు ప్రదక్షిణములు చేయును. అందుచే ఆ రెండు గ్రహములును మూడేసి కలయికలకు ఒకమారు, అనగా సుమారు 60 ఏండ్ల కొకమారు, ఆకాశమున దాదాపు అదే చోట ఒకదాని నొకటి సమీపించి ఆకర్షించుకొనును. ఊయెలను ఊపువాడు అది తిరిగివచ్చు సమయమునకు సరిగా చిన్న తోపు ఇచ్చుచుండినచో, ఆ చిన్న తోపులే కూడి ఊయెల ఎంతయెత్తునకో లేచును. గురుశనుల ఆకర్షణయు అట్టిదే. ఒక్కొక్క ఆకర్షణ స్వల్పమైనను, వందల సంవత్సరములు ఒకే వైపునకు కూడుచు వచ్చుటచే మార్పు పెద్దదగును. కాని ఆ లెక్క సరిగా ఐదునకు రెండు కాదు. స్వల్ప భేదము కలదు. ఆ భేదముచే కలయిక చోటు మెల్లమెల్లగా జరిగి, తోపు ఎదురు దిక్కునకు మారును. అప్పుడు గురుడు మందగించును. శని వేగము పుంజుకొనును. ఈ ఆటుపోటు ఒక్కమారు పూర్తియగుటకు సుమారు 900 సంవత్సరములు పట్టునని లాప్లాసు గణించెను. ఇట్లు సౌరకుటుంబమునకు కలుగునని యెంచిన అపాయము నిజమైన అపాయము కాదని తేలెను.

గురుగ్రహము చుట్టు తిరుగు నాలుగు పెద్ద చంద్రులలో మూడు ఇట్టి లెక్కకే కట్టుబడి యున్నవని లాప్లాసు చూపెను. మొదటిది నాలుగుమార్లు తిరుగునంతలో రెండవది రెండుమార్లును, మూడవది ఒక్కమారును తిరుగును. శనిగ్రహమును చుట్టియున్న వలయములను గూర్చియు ఆతడు విచారించెను. అవి ఒకే గట్టి పలక యైనచో నిలువనేరవనియు, స్వల్పమైన కదలికకే గ్రహముపై కూలిపోవుననియు గణితముచే నిరూపించి, అవి అనేకమైన సన్నని వలయముల సముదాయమై యుండవలెనని ఊహించెను.

1788లో లాప్లాసు వివాహము చేసికొనెను. ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. మరుసటి సంవత్సరముననే ఫ్రాన్సు దేశమున మహావిప్లవము చెలరేగెను. రాచరికము కూలెను. మొదట విప్లవ ప్రభుత్వము పండితులను ఆదరించెను. దేశమంతటికి ఒకే తూనికలు, ఒకే కొలతలు ఉండవలెనని ఏర్పరచిన సంఘమున లాప్లాసు పనిచేసెను. నేడు ప్రపంచమంతట వాడబడుచున్న మీటరు, కిలోగ్రాము ఆ సంఘపు కృషి ఫలములే. కాని విప్లవము నానాటికి భయంకరమయ్యెను. 1793 ఆగస్టులో విజ్ఞానపరిషత్తు రద్దు చేయబడెను. ఆ సంవత్సరాంతమున కొలతల సంఘమునుండి లాప్లాసును, ఆతని మిత్రుడగు లవోయిజరును, మరికొందరను తొలగించిరి. లాప్లాసు అంతకుముందే భార్యాబిడ్డలతో పారిసు విడిచి, సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న మెలన్ పట్టణమున తలదాచుకొని యుండెను. లవోయిజరు మాత్రము పారిసులోనే చిక్కుకొనెను. ఆధునిక రసాయనశాస్త్రమునకు పితామహుడును, లాప్లాసుతో కలసి ఉష్ణమును కొలుచు సాధనమును నిర్మించినవాడును అగు ఆ మహనీయుని శిరస్సు 1794 మే 8వ తేదీన ఖండింపబడెను.

అట్టి కల్లోలమున గూడ లాప్లాసు లేఖిని ఆగలేదు. సామాన్య పాఠకులకు సయితము బోధపడునట్లు, ఒక్క గణితసూత్రమైన లేకుండ, విశ్వవ్యవస్థను వర్ణించు గ్రంథమును రచించి 1796లో ప్రకటించెను. ఆ గ్రంథపు చివర గ్రహముల పుట్టుకను గూర్చి ఒక ఊహను చేర్చెను. తక్కిన విషయములవలె అది గణితముచే నిర్ధారణ చేయబడినది కాదనియు, కావున సంశయముతోనే చదువవలెననియు ఆతడు స్వయముగా హెచ్చరించెను. చిత్రమేమనగా, ఆతడు సంశయముతో చెప్పిన ఆ కొలది పుటలే ఆతని పేరును లోకమంతట వ్యాపింపజేసినవి.

ఆ ఊహ యిట్టిది. ఆకాలమునకు తెలిసియున్న ఏడు గ్రహములును సూర్యుని ఒకే దిక్కునకు చుట్టుచున్నవి. వాని మార్గములన్నియు ఇంచుమించుగా ఒకే పళ్లెమున గీసిన గీతలవలె నున్నవి. సూర్యుడును అదే దిక్కునకు తన చుట్టు తాను తిరుగుచున్నాడు. ఇన్ని విషయములు కాకతాళీయముగా పొసగుట సంభవము కాదు. వీని కన్నిటికి ఒకే కారణము ఉండవలెను. తొలుత సూర్యుని చుట్టు మిక్కిలి వేడిగల వాయుమండలము గ్రహముల పరిధిని దాటి వ్యాపించి, మెల్లగా గిరగిర తిరుగుచుండెను. అది చల్లారిన కొలది కుంచించుకొనెను. తాటికి కట్టిన రాతిని త్రిప్పుచు తాటిని కురుచ చేసినచో రాయి వేగముగా తిరుగునట్లు, కుంచించిన కొలది ఆ మండలము వేగముగా తిరుగసాగెను. కుమ్మరి సారెపై మట్టిముద్ద అంచులకు జరుగునట్లు దాని నడుము ఉబ్బి, అంచులనుండి వాయువలయములు ఒకదాని వెంట నొకటి విడివడెను. ఒక్కొక్క వలయము క్రమముగా ఒక్కచోటికి చేరి గ్రహ మయ్యెను. శనిగ్రహమును చుట్టియున్న వలయములు ఆ ప్రాచీన స్థితికి నిలిచియున్న గురుతులని లాప్లాసు తలచెను.

ఇట్టి ఊహనే జర్మను తత్త్వవేత్త కాంట్ 1755లోనే ప్రకటించియుండెను. కాని ఆ గ్రంథమును ముద్రించినవాడు దివాలా తీయుటచే అది లోకమునకు తెలియకపోయెను. లాప్లాసు దానిని ఎరిగినట్లు కనబడదు. తరువాతి కాలమున హర్షెల్ తన పెద్ద దూరదర్శినితో ఆకాశమున మంచువలె కనబడు నీహారికలను అనేకములను కనుగొనగా, ఈ వాదమునకు నీహారికా సిద్ధాంతమను పేరు స్థిరపడెను.

1799లో ఖగోళ యంత్రశాస్త్రమను లాప్లాసు మహాగ్రంథపు మొదటి రెండు సంపుటములు వెలువడెను. ఐదవదగు చివరి సంపుటము 1825లో వెలువడెను. న్యూటను అనంతరము గ్రహగతులను గూర్చి గణితవేత్తలు సాధించిన దంతయు అందు కలదు. ఐనను అది చదువుటకు బహు కఠినము. నడుమనున్న లెక్కలను విడిచి, ఈ సంగతి సులభముగా తెలియునని వ్రాసి ముందునకు సాగుట లాప్లాసునకు పరిపాటి. ఆ సులభమైన సంగతిని సాధించుటకు పాఠకులు గంటలకొలది శ్రమపడవలసి వచ్చెడిది. ఆతని గణితమున ఇతరుల శ్రమఫలములు కూడ కలసియున్నను, వారి పేర్లను తగినంతగా పేర్కొనలేదను నింద యొకటి యున్నది.

ఆ సంవత్సరాంతముననే నెపోలియన్ అధికారమునకు వచ్చెను. పూర్వము 1785లో పదునారేండ్ల నెపోలియనును ఫిరంగిదళమునకు పరీక్షించి ఉత్తీర్ణుని చేసినవాడు లాప్లాసే. ఆ గౌరవముచే నెపోలియన్ ఆతనిని దేశాంతరంగిక వ్యవహారముల మంత్రిగా నియమించెను. కాని పరిపాలనలో లాప్లాసు నేర్పు చూపలేకపోయెను. ప్రతి చిన్న విషయమునందును గణితములోని సూక్ష్మములను వెదకుచు, ముఖ్యమైన దానిని కనలేకపోయెనని నెపోలియన్ తరువాత అభిప్రాయపడెను. ఆరు వారములలోనే ఆ పదవి పోయెను. అయినను సెనేటు సభలో స్థానమును, 1806లో ప్రభుబిరుదమును లభించెను. 1814లో నెపోలియన్ పతన మారంభింపగా, ఆతనిని తొలగింపవలెనని సమ్మతి తెలిపిన వారిలో లాప్లాసును ఉండెను. మరల వచ్చిన రాజులు 1817లో ఆతనికి మరింత పెద్ద బిరుద మిచ్చిరి. గాలి వీచిన వైపునకు ఒరిగెనని సమకాలికులు ఆతనిని ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ నిరాధారమని చెప్ప వీలులేదు. గ్రహములు తప్పక తమ మార్గమున తిరుగునని నిరూపించిన ఆ పండితుడు రాజకీయములలో అట్టి నిలుకడను చూపలేదు.

కాని యువ పరిశోధకుల యెడ ఆతడు చూపిన ఔదార్యము మరువరానిది. బియో అను యువకుడు ఒక క్రొత్త గణితసమస్యను సాధించి విద్వత్సభలో చదివెను. సభలో అందరును మెచ్చుకొనిరి. పిమ్మట లాప్లాసు ఆతనిని ఇంటికి పిలిచి, బీరువా తాళము తీసి, కాలముచే పసుపువన్నెకు తిరిగిన కాగితములను చూపెను. అదే సమస్యను, అదే మార్గమున లాప్లాసు ఎన్నడో సాధించి, ఎవరికిని చెప్పక దాచియుంచెను. ఆ సంగతిని ఎవరికిని తెలుపవలదనియు, ఆ కీర్తి బియోకే దక్కవలెననియు ఆతడు మాట తీసికొనెను. సుమారు ఏబది ఏండ్లు గడచిన పిమ్మట, కృతజ్ఞత ఆపుకొనలేక, వృద్ధుడైన బియో ఈ కథను వెల్లడించెను. పారిసు చెంత ఆర్కేయి గ్రామమున లాప్లాసు, ఆతని మిత్రుడగు రసాయనశాస్త్రజ్ఞుడు బెర్తొలేయును ఇరుగుపొరుగుగా నివసించుచు, ఇట్టి యువకులను పలువురను చేరదీసి ప్రోత్సహించిరి.

1813లో లాప్లాసు కుమార్తె ప్రసూతి సమయమున మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగుకొని ఆతడు మరుసటి యేడు సంభావ్యతా శాస్త్రమును గూర్చి సామాన్యులకొరకు ఒక గ్రంథమును ప్రకటించెను. 1827వ సంవత్సరము మార్చి 5వ తేదీన పారిసులో లాప్లాసు కన్నుమూసెను. న్యూటను మరణించి సరిగా నూరు సంవత్సరములు నిండిన మాస మది.

లాప్లాసు మరణానంతరము నీహారికా సిద్ధాంతమునకు కష్టకాలము వచ్చెను. 1859లో మాక్స్‌వెల్ అను స్కాట్లండు దేశపు భౌతికవేత్త శనివలయములు గట్టి వలయములు గావనియు, వేర్వేరుగా తిరుగు లెక్కలేనన్ని చిన్న తునకల గుంపులనియు నిరూపించెను. వాయువలయము తనంత తాను ముద్దకట్టి గ్రహమగుట దుస్సాధ్యమనియు తేలెను. మరియొక చిక్కు ఇంకను గొప్పది. సౌరకుటుంబపు ద్రవ్యరాశిలో నూటికి 99 పాళ్లకు మించి సూర్యునియందే యున్నది. కాని భ్రమణబలములో నూటికి రెండు పాళ్లయిన సూర్యునియందు లేదు; తక్కిన దంతయు గ్రహములయందే కలదు. లాప్లాసు చెప్పినట్లు జరిగియుండినచో సూర్యుడు మహావేగముతో తిరుగుచుండవలెను. నిజమునకు ఆతడు తన చుట్టు తాను తిరుగుటకు సుమారు 25 దినములు తీసికొనుచున్నాడు. ఈ కారణములచే ఇరువదవ శతాబ్దారంభమున పలువురు శాస్త్రజ్ఞులు లాప్లాసు ఊహను త్రోసిపుచ్చి, సూర్యుని సమీపమునుండి మరియొక నక్షత్రము పోవుటచే గ్రహములు పుట్టెనని వాదించిరి. ఆ వాదమును నిలువలేదు. నక్షత్రపు గాలులును, అయస్కాంతబలములును సూర్యుని భ్రమణమును తగ్గింపగలవని తరువాత తెలియగా, లాప్లాసు ఊహలోని సారము మరల ప్రాణము పోసికొనెను.

ఇంతలో దూరదర్శినులు వృద్ధి చెందెను. 1984లో బీటా పిక్టోరిస్ అను నక్షత్రము చుట్టు ధూళిచక్ర మున్నట్లు ఛాయాచిత్రము లభించెను. 2014లో చిలీ దేశపు అటకామా ఎడారిలో, సముద్రమట్టమునకు 5,000 మీటర్ల యెత్తున నున్న 66 యాంటెనాల ఆల్మా దూరదర్శిని, వృషభరాశియందలి హెచ్.ఎల్. టారి యను తరుణ నక్షత్రమును చిత్రించెను. అది సుమారు 450 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. దాని వయస్సు పది లక్షల సంవత్సరములకు మించదని యంచనా. ఆ చిత్రమున నక్షత్రము చుట్టు వాయువుతోను ధూళితోను కూడిన విశాలమైన చక్రము స్పష్టముగా కనబడెను. నీటిలో రాయి వేయగా లేచిన అలలవలె, కాంతివలయములును, వాని నడుమ చీకటి సందులును ఒకదాని వెంట నొకటి కనబడెను. లాప్లాసు కనులు మూసికొని ఊహించిన చక్రమును మానవులు కనులార చూచిరి.

కాని ఆ వలయములకు కారణము లాప్లాసు చెప్పినది కాదు. వలయములనుండి గ్రహములు పుట్టెనని ఆతడు చెప్పెను. నేటి శాస్త్రజ్ఞులు గ్రహములే ఇట్టి వలయములను ఏర్పరచునని చెప్పుచున్నారు. ధూళిచక్రమున ఒక పెద్ద గ్రహము పెరుగుచున్నదనుకొందము. దానికి లోపలివైపున నున్న వాయువు దానికంటె వేగముగా తిరుగుచుండును. గ్రహపు ఆకర్షణచే అది వెనుకకు లాగబడి, బలము కోల్పోయి, నక్షత్రము వైపునకు జరుగును. వెలుపలివైపున నున్న వాయువు మందముగా తిరుగుచుండును. గ్రహము దానిని ముందునకు లాగుటచే అది బలము పుంజుకొని వెలుపలికి జరుగును. ఇట్లు ఇరువైపుల వాయువును తొలగించుకొనుచు, నాగలి దున్నిన చాలువలె, గ్రహము తన మార్గమున ఒక ఖాళీ సందును ఏర్పరచును.

ధూళి కథ వేరు. వాయువును దాని లోపలి ఒత్తిడి కొంత మోయుచుండుటచే అది ధూళికంటె మందముగా తిరుగును. కావున ధూళికణమునకు ఎల్లప్పుడు ఎదురుగాలి తగులుచుండును. ఎదురుగాలిలో సైకిలు త్రొక్కువానివలె అది వేగము కోల్పోయి నక్షత్రము వైపునకు జారిపోవును. కాని గ్రహము త్రోసిన వాయువు సందు వెలుపలి అంచున దట్టముగా ప్రోగుపడును. ఆ గట్టునకు లోపలి వైపున ఒత్తిడి తారుమారగుటచే వాయువే ధూళికంటె వేగముగా తిరిగి దానిని వెలుపలికి త్రోయును. అందుచే వెలుపలనుండి జారివచ్చు ధూళి ఆ గట్టుచెంత ఆగి, కాలువకు అడ్డుకట్ట కట్టినచోట చెత్త ప్రోగుపడునట్లు ప్రోగుపడి, వలయముగా ప్రకాశించును. అట్లు ప్రోగుపడిన ధూళినుండి మరల క్రొత్త గ్రహములు పుట్టుటకు అవకాశము కలదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఈ క్రియకు చిన్న నమూనా శనివలయములలోనే యున్నది. సుమారు 28 కిలోమీటర్ల వ్యాసము గల పాన్ అను చిన్న చంద్రుడు 325 కిలోమీటర్ల వెడల్పు గల సందులో తిరుగుచు దానిని శుభ్రముగా ఉంచుచున్నాడు. ఆ చంద్రుని 1990లో కనుగొనిరి. ఇక తరుణ నక్షత్రముల విషయమున ప్రతి సందునకును గ్రహమే కారణమని చెప్పుటకు నిదర్శనము చాలదు, హెచ్.ఎల్. టారి సందులలో గ్రహము నేరుగా కనబడలేదు. కాని సుమారు 370 కాంతిసంవత్సరముల దూరమున నున్న పి.డి.ఎస్. 70 అను నక్షత్రపు చక్రములోని విశాలమైన సందున, నక్షత్రమునకు సుమారు 300 కోట్ల కిలోమీటర్ల యెడమున, పెరుగుచున్న ఒక గ్రహమును 2018లో చిత్రించిరి. మరుసటి యేడు అదే సందున రెండవ గ్రహమును కనబడెను. ఆ రెండవ గ్రహము చుట్టును ఒక చిన్న ధూళిచక్ర మున్నట్లు 2021లో తెలిసెను. చంద్రులు పుట్టుట అట్టి చక్రములందే యని శాస్త్రజ్ఞుల తలంపు.

గురుశనులు ఒకదాని నొకటి కొంచెము కొంచెముగా లాగుకొనుచు శతాబ్దములలో పెద్ద మార్పును తెచ్చునని చూపిన గణితమే, నేడు తరుణ గ్రహములు ధూళిచక్రములను చెక్కు విధమును తెలియజెప్పుటకు పునాది యైనది. లాప్లాసు తన గణితమును నమ్మెను. ఊహను మాత్రము సంశయింపుమని పాఠకులకు చెప్పెను. తెలిసినదానిని తెలిసినట్లును, ఊహించినదానిని ఊహగను వేరు చేసి చెప్పిన ఆ నిజాయితీ వలననే, తరువాతి వారు ఆ ఊహను పరీక్షించి, తప్పును త్రోసి, సారమును నిలుపుకొనగలిగిరి. పదవులు, బిరుదములు ఆతనితోనే అంతరించినవి. నార్మండీ పల్లెలో ఆపిలు తోటల నడుమ పుట్టిన బాలుడు వేసిన ప్రశ్న మాత్రము అటకామా ఎడారిలో నేటికిని రాత్రింబగళ్లు పరిశోధింపబడుచున్నది.